నక్క వస్తుంది

లియెపాయాలో ట్రామ్ నడుపుతాను నేను.
సెలవురోజుల్లో తుప్పు వెతుక్కుంటూ తిరుగుతాను.
తుప్పు అన్న మాట మా ఆవిడ ఇన్గూనాది.
నేను బాయ్‌నెట్లు అంటాను.
ఆ యుద్ధం నాటివి, జర్మన్లవి,
మా గోడ మీద పందొమ్మిది.

కత్తి కన్నా నాకు తోలు మీద మోజు.
నడుం బెల్టుకి ఒరను వేలాడదీసే తోలు పట్టు,
అరచేయంత, రివెట్లూ కుట్టూ.
గుర్రపు దళం వాళ్ళదైతే
పిడిని కరుచుకునే బుల్లి పట్టీ అదనం,
గుర్రం దూకినా కత్తి జారిపోకుండా.
ఇనుముని గీకి, నూనె రాసి,
కొత్త అంకె కొట్టి అమ్మేవాళ్ళని ఎరుగుదును.
తోలుతో ఆ ఆటలు సాగవు.
ఎవడో కూర్చున్న తీరునే అది వంగి ఉంటుంది,
ఎవడి తొడో రాసుకున్న మేర నున్నబడి ఉంటుంది.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
వాన, గుర్రం, పొగాకు,
ఆ వెనక ఇంకేదో.
ఆ ఇంకేదో గురించి
మాలో మేం మాట్లాడుకోం.

పదకొండేళ్ళుగా నా దగ్గరో ఖాళీ ఒర ఉంది.
6183.
కత్తికీ ఒరకీ ఒకే అంకె కొట్టి పంపేవారు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే,
ఒక్కటీ లేని ఒర సంగతి ఎవరూ చెప్పరు.

అక్టోబరు. స్క్రుండా దాటాక కారు మొరాయించింది.
నీళ్ళడగడానికి వెళ్ళిన వాకిట్లో
ఒతీలియా అనే ముసలామె
ఊరవేయడానికి క్యాబేజీ తరుగుతోంది.
ఆమె చేతిలో ఆ పిడి.
మొన విరిగింది,
నూరి నూరి అలుగు చేప ఎముకలా సన్నబడింది.

"ఎక్కడిదమ్మా?"
"కాలవలోది.
వాళ్ళు చేతులెత్తేసి వెళ్ళిపోయిన మే నెలలో
కాలవ నిండా ఇవే.
నాన్న రెండు జతల బూట్లు తెచ్చాడు,
నేనిది తెచ్చాను. తొమ్మిదేళ్ళు నాకు.
తేనెటీగల పెట్టె అడుగున దాచాడు,
దొరికితే సైబీరియానే అని.
పక్కింటివాళ్ళని ఎలాగూ పట్టుకుపోయారు,
కత్తికి కాదు,
రెండు ఆవులు ఎక్కువున్నందుకు."
ఇంకో క్యాబేజీ అందుకుంది.

అడిగి తీసుకుని, పైటాకు ముక్కలు తుడిచి,
అద్దాలు పెట్టుకుని చూశాను.
6183.
తీసి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

నలభై లాట్లు ఇస్తానన్నాను.
"మరి క్యాబేజీ?" అంది.
కారు బాగుచేసుకుని ఊళ్ళోకి పోయి
మంచి వంటింటి కత్తి కొనుక్కొచ్చాను.
గోటి మీద పదును చూసి, సరేనంది.

"దీని తోలు పట్టు ఏమైంది?"
గడ్డంతో కోళ్ళగూడు చూపించింది.
తలుపుకి పైన ఇనుప మడతబందు,
కింద తోలు, ఐదు మేకులతో.
రెట్ట గోకితే 1941 బయటపడింది.
గుర్రపు దళానిదే.
ఆ బుల్లి పట్టీ కూడా ఉంది,
గడియకి చుట్టి.

రెట్టింపు ఇస్తానన్నాను.
ఇత్తడి మడతబందు తెచ్చి నేనే బిగిస్తానన్నాను.
"ఇత్తడి కిర్రుమంటుంది, కోళ్ళు బెదురుతాయి.
అరవై నాలుగేళ్ళుగా అది నోరెత్తలేదు.
కత్తి పట్టుకెళ్ళు, నాయనా.
తోలివ్వను.
నక్క వస్తుంది."

ఇంటికొచ్చి ఒరలో పెడితే
లోపల లొడలొడలాడింది కత్తి.
సగం అలుగు క్యాబేజీల్లోకి పోయింది మరి.
"పదకొండేళ్ళకి దొరికిందిగా,
ఆ మొహమేంటి?" అంది ఇన్గూనా.
గోడకి ఇరవయ్యో మేకు కొట్టాను.

ఈసారి మంచు ముందే మొదలైంది.
చలికి తోలు బిగుసుకుని పగులుతుంది.
పశువుల కాళ్ళ నూనె ఒక డబ్బా, పాత గుడ్డ ఒకటి
కారులో పెట్టాను.
ఆదివారం వెళ్ళి రాసి రావాలి,
మేకులు పీకకుండా,
కోళ్ళు వచ్చేవి వస్తూ పోయేవి పోతుండగానే.